చాదస్తం అనుకున్న జబ్బు గురించి ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

తెలంగాణ రాష్ట్ర వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారములు.

అయ్యా,

మా చెల్లెలికి పదహారో ఏట మొదలైన జబ్బు పేరు మాకు తెలిసేసరికి తనకు ఇరవై ఐదేళ్లు నిండాయి. అన్నేళ్లూ దాన్ని చాదస్తమనే అనుకున్నాం. మడి మనిషి అని చుట్టాలు నవ్వితే మేమూ నవ్వాం. కడిగి కడిగి చేతులు పగిలి నెత్తురు కారితే చర్మవ్యాధుల వైద్యుడికి చూపించాం. ఆయన పూతమందు రాసిచ్చారే గానీ, రోజుకు ఎన్నిసార్లు కడుక్కుంటున్నావమ్మా అని అడగలేదు.

ఆ జబ్బు పేరు ఓసీడీ (అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్). ఓసీడీ అంటే శుభ్రత మీద మోజు కాదు. వద్దన్నా మనసులో దూరే ఆలోచన, దానివల్ల పుట్టే భయం, ఆ భయం తగ్గడానికి మళ్లీ మళ్లీ చేసే పని, ఇదీ ఆ జబ్బు. కడగడం, తాళం చూసుకోవడం బయటికి కనిపిస్తాయి. దేవుడి గదిలో నిలబడితే మనసులో బూతులు మెదులుతున్నాయని కుమిలిపోయే భక్తుడు, తన చేతులతోనే చంటిబిడ్డకు హాని జరుగుతుందేమోనని కత్తిపీట దాచేసే బాలింత మాత్రం ఎవరికీ చెప్పుకోరు. అవి వాళ్ల కోరికలు కావని, వాటిని అసహ్యించుకుంటున్నారు కాబట్టే ఇంత బాధ అని చెప్పే మనిషి వాళ్లకు దగ్గరలో దొరకాలి.

ఇంట్లోవాళ్లమే తెలియక జబ్బును పెంచుతాం. "తాళం వేశానా అక్కా?" అని అడిగిన ప్రతిసారీ "వేశావమ్మా" అనడం ప్రేమ అనుకున్నాను. ఆ భరోసా కాసేపైనా నిలవదని, మళ్లీ అడగడాన్ని అదే అలవాటు చేస్తుందని చికిత్సలోనే తెలుసుకున్నాను.

భయపెట్టేదాన్ని కొద్దికొద్దిగా ఎదుర్కొంటూ, చేయి కడగకుండా ఆగడం నేర్పే ఆ చికిత్స 1960ల నుంచీ ఉన్నదే. ఫ్లూఓక్సెటిన్ వంటి మందులు ఈ జబ్బులో పూర్తిగా పనిచేయడానికి పది పన్నెండు వారాలు పట్టవచ్చు. అది తెలియక మేం నెలకే మానిపించాం. మాత్రలు జిల్లాలోనే దొరికాయి, ఆ చికిత్స నేర్పే సైకాలజిస్టు కోసం మాత్రం ప్రతి వారం హైదరాబాదు బస్సెక్కాం.

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ప్రభుత్వ వైద్యాన్ని మాకు హక్కుగా ఇచ్చింది. ఫోన్‌లో మానసిక ఆరోగ్య సలహా ఇచ్చే ప్రభుత్వ సేవ టెలీ మానస్ 14416 నంబరు 2022 అక్టోబరు నుంచి పనిచేస్తోంది. కాబట్టి ప్రతి జిల్లా మానసిక ఆరోగ్య బృందంలోనూ ఈ చికిత్సలో శిక్షణ పొందిన సైకాలజిస్టు ఒకరైనా ఉండేలా, కుటుంబసభ్యులను కూడా కూర్చోబెట్టి మాట్లాడేలా చూడండి. వద్దన్నా వచ్చే ఆలోచనలున్నాయా, చేసిన పనే మళ్లీ చేయకుండా ఉండలేకపోతున్నారా అనే రెండు ప్రశ్నలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వైద్యులకు, ఆశా కార్యకర్తలకు, చర్మవ్యాధుల విభాగాలకు నేర్పించండి. ఈ జబ్బు తరచూ చదువుకునే వయసులోనే మొదలవుతుంది గనుక ఆ నంబరును ప్రతి ఇంటర్ కాలేజీ గోడ మీదా, ఓసీడీ అంటే ఏమిటో తెలుగులో చెప్పే నాలుగు మాటలతో సహా, రాయించండి.

ఇట్లు,
ఒక అక్క