మీ పాత రంపాలు ఇంకా నా దగ్గరే ఎందుకున్నాయంటే

ములుగు రోడ్డులోని మా షాపుకి చైన్ రంపాలు రిపేరుకిచ్చిన అందరికీ నమస్తే.

రాత్రి షట్టర్ దించే ముందు రోజూ ఒకసారి రాక్ వైపు చూస్తాను. మీరు నమ్మి ఇచ్చిన పాత మిషన్లు పద్నాలుగు ఉన్నాయి. వాటిలో తొమ్మిది దసరాకు ముందే వచ్చాయి. "దీపావళికల్ల ఇస్త" అని మాటిచ్చింది నేనే. ఫోన్ చేసినవాళ్ళకు "సామాను రాలేదన్నా" అంటూ వచ్చాను. సామాను రాని మాట నిజమే, కానీ అది సగం నిజం. మిగతా సగం చెప్పుకోకుండా మీ ముఖం చూడలేకపోతున్నాను.

దసరాకు ముందు ఏటూరునాగారం వైపు నుంచి ఒక పెద్దాయన గోనెసంచిలో స్టిల్ కంపెనీ 070 మోడల్ రంపం తెచ్చారు. కమలాపురంలో కలప గుజ్జు తీసే బిల్ట్ ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో కలప పనికి కొన్న మిషనట. 2014లో ఫ్యాక్టరీ ఆగాక అటకెక్కించారు. చేను గట్టు మీది చింతచెట్టు గాలికి పడింది. దాన్ని అడ్డంగా బిళ్ళలు కోసి మటన్ షాపులకు మొద్దులుగా అమ్ముదామని ఆయన ఆలోచన. రెండు చేతులు చాచి కౌగిలించుకున్నా అందని బోదె అది. చిన్న మిషన్లు దాని ముందు నిలబడవు. 070 ఇంజిన్ 106 సీసీ. మనం రోజూ తిరిగే 100 సీసీ బండి ఇంజిన్ కన్నా పెద్దది. చింత మొద్దుకు సరిజోడు.

కార్బురేటర్ విప్పి కడిగాను. అందులో పెట్రోలు అందించే పల్చటి పొర, డయాఫ్రమ్ మార్చాను, కొత్త ప్లగ్గు వేశాను, షాఫ్టు రెండు చివర్లా గాలి చొరబడకుండా ఆపే ఆయిల్ సీళ్ళు రెండూ కొత్తవి కొట్టాను. సైలెన్సర్ వెనక, కార్బురేటర్ దగ్గర సైకిల్ ట్యూబు ముక్కలు పెట్టి బిగించి లోపలికి 7 పీఎస్‌ఐ గాలి కొట్టాను. గేజి ముల్లు దిగకుండా నిలబడింది. రెండో గుంజుకే మిషన్ అందుకుంది. కానీ రేసు వదిలాక దిగాల్సినంత వేగంగా దిగలేదు. ఒక్క క్షణం పైనే ఉండి, తర్వాత మెల్లగా దిగింది. అది నా చెవికి తెలిసింది. తెలిసీ, స్క్రూ కొంచెం తిప్పి సరిచేసి ఇచ్చేశాను. ఆ రోజు బయట నలుగురు నిలబడి ఉన్నారు, ఆయనకు బస్సు టైమవుతోంది.

వారానికి మళ్ళీ వచ్చారు. "ఇరవై నిమిషాలు గూడ కొయ్యలే బిడ్డా. గుయ్యిమని ఒర్లింది, పట్టేసింది" అన్నారు. కోపంగా అనలేదు. అందుకే ఎక్కువ బాధేసింది.

విప్పి చూస్తే పిస్టన్ సైలెన్సర్ వైపు గీకుకుపోయి ఉంది. తప్పు ఎక్కడ జరిగిందో అర్థం కావడానికి రెండు రోజులు పట్టింది. ఈ ఇంజిన్లలో పిస్టన్ పైకి పోయినప్పుడు కింద షాఫ్టు తిరిగే క్రాంక్ గదిలో గుంజుడు పుడుతుంది. ఆ గుంజుడుకే కార్బురేటర్ నుంచి గాలి, పెట్రోలు, ఆయిల్ కలిసి లోపలికి వస్తాయి. పిస్టన్ కిందికి దిగేటప్పుడు అదే గదిలో ఒత్తిడి పెరిగి ఆ మిశ్రమాన్ని పైకి తోస్తుంది. అంటే ఆయిల్ సీలు ఒకసారి ఒత్తిడికీ, మరుసటి క్షణం గుంజుడుకూ నిలవాలి. సీలు పెదవి లోపలి వైపు తిరిగి ఉంటుంది. లోపల గాలి కొడితే ఆ గాలే పెదవిని షాఫ్టుకు అదుముతుంది. కాబట్టి సరిగ్గా కూర్చోని సీలు కూడా ఆ పరీక్షలో పాసవుతుంది. లోపలి గాలి గుంజి వాక్యూమ్ పెడితేనే పెదవి లేచి బండారం బయటపడుతుంది. నేను గాలి కొట్టి చూశాను కానీ గుంజి చూడలేదు. మ్యాగ్నెట్ వైపు సీలు గాలి పీలుస్తోంది. ఆ గాలిలో పెట్రోలూ లేదు, ఆయిలూ లేదు. మంట వేడెక్కింది, పిస్టన్ ఉబ్బింది, సిలిండర్‌ను పట్టేసుకుంది.

ఆ సీలు బజారులో దొరికిన నకలు సరుకు. అయినా దాని మీద నెపం పెట్టను. పరీక్షించి బిగించాల్సిన చేతులు నావి.

ఆ రోజు నుంచి, అప్పటికే రెడీ అని పక్కన పెట్టిన మిషన్లన్నిటినీ మళ్ళీ విప్పాను. వాక్యూమ్ పంపు కొన్నాను. తొమ్మిదింట్లో నాలుగు గాలి పీల్చాయి. ఒకదానికి సీలు కాదు, క్రాంక్‌కేసు మధ్య ప్యాకింగే పోయింది. ఆ నాలుగూ మీ చేతికి వచ్చి ఉంటే చేనులో ఏం జరిగేదో తలుచుకుంటే నిద్ర పట్టలేదు. ఆలస్యానికి అసలు కారణం ఇదే.

పెద్దాయన మిషన్‌కు నా ఖర్చుతో పిస్టన్, రింగులు వేశాను. సిలిండర్ మాత్రం దక్కింది. లోపల గీతల్లా కనబడ్డవి చాలావరకు పిస్టన్ అల్యూమినియం అంటుకున్న మచ్చలే. సన్న ఎమరీతో ఓపిగ్గా తీస్తే కింద క్రోమ్ పూత అలాగే ఉంది. ఇలాంటి సిలిండర్‌ను బోర్ కొట్టించమని కొందరు అడుగుతారు. దయచేసి అడగొద్దు. పూత పోతే సిలిండర్ పోయినట్టే.

పెట్రోలు సంగతి కూడా చెప్పాలి. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం దాకా ఎథనాల్ ఉంటోంది. పాత మిషన్ల రబ్బరు దానికోసం తయారైంది కాదు. డయాఫ్రమ్ గట్టిపడుతుంది, పైపులు చీలుతాయి. ఎథనాల్ గాలిలోని చెమ్మను కూడా పీల్చుకుంటుంది. వానాకాలం ట్యాంకులో వదిలేస్తే అడుగున నీళ్ళు చేరతాయి. పైగా ఎథనాల్ కాలడానికి పెట్రోలుకు కావలసినంత గాలి అక్కర్లేదు. అందుకని పాత సెట్టింగ్ మీదే నడిపితే గాలి ఎక్కువై మిశ్రమం పలచబడుతుంది, మిషన్ వేడెక్కుతుంది. నేను స్క్రూ సరిచేసే ఇస్తాను. మీ వంతుగా పని అయిపోగానే ట్యాంకు ఒంపేసి, మిషన్ దానంతట అదే ఆగేదాకా నడపండి. మామూలు 2టీ ఆయిల్ అయితే లీటరుకు 40 మిల్లీలీటర్లు కొలిచి పోయండి, కంటి అంచనాతో వద్దు.

స్పార్క్ కోసం తెరుచుకుని మూసుకునే లోహపు పాయింట్లున్న పాత మిషన్ స్పార్క్ ఇవ్వకపోతే కాయిల్ పోయిందని పారేయకండి. చాలాసార్లు అది పాయింట్ల మీద పట్టిన తుప్పే. సన్న ఎమరీతో రుద్ది, తర్వాత పెళ్ళిపత్రిక ముక్కను మధ్యలో పెట్టి లాగితే జిడ్డు పోతుంది. దానికి నేను డబ్బులు తీసుకోను.

"ఈ పాత ఇనుము మీద నీకెందుకింత?" అని మొన్న ఒకన్న అడిగాడు. మా నాయిన జంట రంపం లాగిన మనిషి. దుంగను ఎత్తులో పెట్టి పైన ఒకరు, కింద ఒకరు. కింద నిలబడేది నాయిన. సాయంత్రం ఇంటికొచ్చేసరికి కళ్ళు ఎర్రగా, కనురెప్పల నిండా పొట్టు. ఒక పలక కోయడానికి ఎంత చెమట కారుతుందో చూసి పెరిగినవాణ్ణి. ఈ మిషన్లూ ఒక్కరోజులో ఇంత తేలిక కాలేదు. 1929లో స్టిల్ చేసిన పెట్రోలు రంపం 46 కిలోలు, ఇద్దరు మోయాలి. ముప్పై ఏళ్ళకు, 1959లో వచ్చిన స్టిల్ కాంట్రా మోడల్ 12 కిలోలు, ఆరు హార్స్‌పవర్. ఒక్క మనిషి ఎత్తి పట్టుకోగలిగాడు. 070 ఆ వంశంలోదే.

చైను కథ ఇంకా నచ్చుతుంది నాకు. అమెరికాలో జో కాక్స్ అనే ఆయన 1946లో మొద్దులో ఒక పురుగు పిల్లను చూశాడు. అది నిలువుకూ అడ్డానికీ తేడా లేకుండా, రెండు కొడవళ్ళలాంటి దవడలతో ఎడమకూ కుడికీ కోసుకుంటూ పోతోంది. మరుసటి ఏడాదికల్లా ఆయన అదే తీరు పళ్ళతో చైను చేశాడు. మీ చైను ఒకసారి తిప్పి చూడండి, ఒక పన్ను ఎడమకు, ఒక పన్ను కుడికి వంగి ఉంటాయి. మన మామిడితోటల్లో కాండం తొలిచే తెల్ల పురుగుదీ అదే పని. రైతుగా దాన్ని చంపుతాం, కానీ ఆకురాయి పట్టి పన్ను నూరిన ప్రతిసారీ నాకు అదే గుర్తొస్తుంది.

అందుకే కొత్త పెయింట్ కొట్టమంటే నేను ఒప్పుకోను. పెద్దాయన మిషన్ మూత మీద ఉలితో చెక్కిన రెండు అక్షరాలున్నాయి, వెనక పిడి మీద చెయ్యి రాసుకుని రాసుకుని నునుపైన చోటు ఉంది. వాటి మీద రంగు పూస్తే ఆ మిషన్ ఎవరిదో పోతుంది. మన్ను, జిడ్డు శుభ్రంగా తీస్తాను, పగిలినవి అతుకుతాను, అంతవరకే.

రెండు విషయాల్లో మొహమాటపడను. ఒకటి, చైను బ్రేకు లేని పాత మిషన్‌ను రోజుకూలి పనికి వాడతామంటే రిపేరు చెయ్యను. బార్ ముక్కు పైభాగం చెట్టుకు తగిలితే మిషన్ ఎగిరి మొహం మీదికే వస్తుంది, ఆపే బ్రేకు దానికి లేదు. పాత మిషన్ అదురుకు ఏళ్ళ తరబడి పట్టిన వేళ్ళు తిమ్మిరెక్కి తెల్లబడతాయి కూడా. రోజూ పనికి పోయే పిల్లలకు బ్రేకున్న కొత్తది కొనివ్వండి. ఏది కొనాలో చెప్తాను, కమీషన్ తీసుకోను.

రెండోది, చెట్టు ఎక్కడిదని అడుగుతాను. సొంత భూమిలో చెట్టు కొట్టాలన్నా నీళ్ళు, నేల, చెట్లను కాపాడే 2002 వాల్టా చట్టం అనుమతి అడుగుతుంది. రాత్రిపూట టేకు కోసే మిషన్ నా బల్ల మీదికి రాదు. 2024 ఆగస్టు 31న తాడ్వాయి అడవిలో ఒక్క సాయంత్రం గాలికి వేల చెట్లు నేలకొరిగాయి. వాటిని చూసొచ్చాక, నిలబడ్డ చెట్టు మీద రంపం పెట్టే ముందు ఒక్క ప్రశ్న అడగడం నాకు ఎక్కువనిపించలేదు.

ఇక లెక్కలు. ఇకమీద నెలకు నాలుగు పాత మిషన్లే తీసుకుంటాను. గాలి, వాక్యూమ్ రెండు పరీక్షలూ ప్రతి మిషన్‌కూ చేస్తాను, ముల్లు నిలబడ్డ ఫొటో మీ ఫోన్‌కు పంపుతాను. విప్పి బిగించే కూలి ఇప్పటిదాకా 1,200 రూపాయలు, ఇకమీద 1,800 అవుతుంది, సామాను ఖర్చు వేరే. ఇప్పుడు రాక్ మీద ఉన్న పద్నాలుగింటికి మాత్రం పాత రేటే. ఎదురుచూసే ఓపిక లేనివాళ్ళు వచ్చి తీసుకుపోవచ్చు, అడ్వాన్సు మొత్తం తిరిగిస్తాను, ఏమీ అనుకోను.

పెద్దాయన 070 మొన్న తయారైంది. అరగంట తుమ్మ దుంగ మీద నడిపాను. రేసు వదిలితే వెంటనే దిగుతోంది. ఈసారి ఆయన్ని బస్సులో రమ్మనలేదు. ఆదివారం షాపు కట్టేసి నేనే పట్టుకెళ్తున్నాను. చింత మొద్దు మొదటి బిళ్ళ నా ముందే తెగాలి.