చి.ల.సౌ. సుజాతకు అమ్మ

చి.ల.సౌ. సుజాతకు అమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. మీ నాన్నగారి మోకాళ్ల నొప్పి యథాప్రకారమే. నీ దగ్గరనుంచి మాత్రం ఉలుకూ పలుకూ లేదు. నీకు జ్వరం వచ్చి తగ్గిందనీ, వైరస్ వల్ల కడుపులో బిడ్డ బొడ్డుతాడుకు వాపు రావచ్చునని డాక్టరమ్మ అన్నదనీ సరోజ పిన్ని నోట వినవలసి వచ్చింది.

నిన్ను కంగారు పెట్టాలని కాదు. తాడుకు వాపు ఎక్కువగా ఉమ్మనీటి సంచి పగిలిన తరువాత కిందనుంచి పైకి పాకే బాక్టీరియా వల్ల వస్తుంది. వైరస్ అయితే సాధారణంగా తల్లి రక్తంలోనుంచి మాయను దాటుకొని రావాలి. తాడు రక్తనాళాల గోడల్లోకి అప్పుడు చేరే తెల్లకణాలు కడుపులోని బిడ్డవేనట, పసిగుడ్డు అప్పుడే పోరాటానికి దిగుతుందన్నమాట. ఈ వాపు స్కానింగులో తేలదు. కాన్పయ్యాక మాయనూ తాడునూ ల్యాబులో పరీక్షిస్తేనే ఖాయమవుతుంది. అందుచేత ఇప్పుడు చూడవలసింది నీ రక్తం. వైరస్ మీద ఒంట్లో పుట్టే ప్రతిరక్షకాలను చూసే ఐజీజీ, ఐజీఎం పరీక్షలు చేయించావా?

విజయ పెద్దమ్మకు శేఖర్ కడుపున పడిన రెండో నెలలో ఒళ్లంతా ఎర్రగా పేలింది. అత్తగారు చెమటకాయలని గంధం రాయించారు. మూడు రోజుల్లో మాయమైంది కదా అని ఆవిడ డాక్టరుతో అననేలేదు. పురిటి స్నానం నాడు దీపం ముందుకు తెస్తే శేఖర్ చూపు తిప్పలేదు, కంటిపాప మధ్యలో పాలచుక్కలా తెల్లగా ఉంది. ఆ దద్దుర్లు రుబెల్లా అనే వైరస్ జబ్బువట. రుబెల్లాకూ పుట్టు శుక్లాలకూ ఉన్న సంబంధాన్ని ఆస్ట్రేలియాలో గ్రెగ్ అనే కంటి వైద్యుడు 1941లోనే బయటపెట్టాడని, సైన్సు పాఠాలు చెప్పుకొనే నాకే ఆపరేషను చేసిన డాక్టరు చెప్పేదాకా తెలియదు.

నీకు రుబెల్లా టీకా చిన్నప్పుడే వేయించాము. నా బెంగంతా సైటోమెగలో వైరస్ గురించి. అది పసిపిల్లల చొంగలోనూ మూత్రంలోనూ ఉంటుంది, కడుపులో బిడ్డకు సోకితే వినికిడిని దెబ్బతీయగలదు. మీ ఆడపడుచు కొడుకు కొరికిన బిస్కెట్టును నువ్వు నోట్లో వేసుకోవడం సీమంతం నాడు కళ్లారా చూశాను. వాడి ఎంగిలి తినవద్దు, డైపరు మార్చాక సబ్బుతో చేతులు కడుక్కో, ముద్దు పెట్టాలంటే నెత్తిమీద పెట్టు.

జ్వరం ఎప్పుడు వచ్చిందో, దద్దుర్లు లేచాయో లేదో కాగితం మీద రాసి డాక్టరమ్మకు చూపించు. ఆదివారం మీ నాన్నగారితో సున్నుండలు పంపుతున్నాను. రిపోర్టు ఆయన చేతికే ఇవ్వు, ఫోనులో ఫొటో అయితే నాకు అక్షరాలు ఆనవు.

అమ్మ