రెంచ్ టక్కుమంది సరే, జాబ్ ఎందుకు కదిలింది?

చి. బుజ్జికి,

నాన్న ఆశీస్సులు. మిల్లింగ్ మిషన్ మీద జాబ్‌ని, అంటే కోసే ముక్కని, పట్టే రెండు వైస్‌లూ ఒకే సైజు, రెండిటినీ ఒకే టార్క్ రెంచ్‌తో (పెట్టిన బిగువు రాగానే టక్కుమనేది) 60 న్యూటన్ మీటర్లకు బిగించావు. ఒకదాంట్లో జాబ్ కదల్లేదు, రెండోదాంట్లో కట్టర్ తగలగానే జరిగిపోయింది. రెంచ్ పాడైందేమో అంటున్నావు. రెంచే పాడైతే రెండు వైస్‌ల్లోనూ తేడా రావాలి కదా తల్లీ. నా అనుమానం రెండో వైస్ స్క్రూ మీద.

టార్క్ రెంచ్ చూసేది స్క్రూ తిప్పడానికి ఎంత బలం పట్టిందన్నదే. జా, అంటే వైస్ దవడ, వెళ్లి జాబ్‌ని ఎంత నొక్కిందో దానికి తెలియదు. స్క్రూ ఒక చుట్టుకి 5 మి.మీ. ముందుకు నడుస్తుందనుకో. ఘర్షణ అసలే లేకపోతే 60 న్యూటన్ మీటర్లకు జా మీద 75 కిలోన్యూటన్లు రావాలి. నిజానికి స్క్రూ మరల (చుట్టు గాడుల) దగ్గరా, స్క్రూ మెడని ఆనించే థ్రస్ట్ బేరింగ్ దగ్గరా చాలావరకు ఖర్చయిపోతుంది. గ్రీజు బాగున్న వైస్‌లో ఇరవై శాతం మిగిలిందనుకుంటే 15 కిలోన్యూటన్లు. ఎండిపోయి రజను (కోతలో రాలే లోహపు పొడి) పట్టిన స్క్రూలో పదమూడు శాతమే మిగిలితే 10 కిలోన్యూటన్లు కూడా రావు. రెండుసార్లూ రెంచ్ ఒకేలా టక్కుమంటుంది.

ఈ తేడా ఎంత పెద్దదో లెక్కేసి చూడు. కట్టర్ దగ్గర 3 కిలోవాట్లు ఖర్చవుతూ, కటింగ్ వేగం నిమిషానికి 150 మీటర్లుంటే జాబ్‌ని తోసే బలం 1200 న్యూటన్లు. పళ్లు ఒక్కొక్కటిగా తగులుతాయి కాబట్టి దెబ్బ ఎప్పుడూ సగటు కంటే ఎక్కువే. అందుకని రెండున్నర రెట్లు వేసుకుంటే 3000 న్యూటన్లు. నున్నటి జా ముఖానికీ ఉక్కు జాబ్‌కీ మధ్య ఘర్షణ గుణకం 0.15 అనుకుందాం. రెండు వైపులా పట్టు ఉంటుంది కాబట్టి 15 కిలోన్యూటన్లకు 4500 న్యూటన్లు వస్తుంది, నిశ్చింత. 10 కిలోన్యూటన్లు కూడా రాని వైస్‌లో మూడు వేలకు అటూ ఇటూగా ఉంటుంది. జా మీద కాస్త నూనె ఉన్నా అంతే సంగతులు.

కాబట్టి ముందు ఆ స్క్రూని బయటికి తియ్యి. కదిలే జా పూర్తిగా వెనక్కి తెచ్చి, విప్పి, మరల్ని కిరోసిన్‌తో, నైలాన్ బ్రష్‌తో కడుగు. గాలి గన్ మాత్రం పెట్టొద్దు, సన్నటి రజను నేరుగా బేరింగ్‌లోకి దూరుతుంది. బేరింగ్ రింగుల మీద వేలు పెట్టి చూడు, గుంటలు తగిలితే మార్చెయ్యాలి. గ్రీజు పల్చగా, మర మొత్తానికి రాయి. దిట్టంగా పూస్తే రజనుకి జిగురు అవుతుంది. రెండు వైస్‌లకూ ఒకే రకం గ్రీజు వాడు. ఒకదానికి మాలిబ్డినం కలిసినదీ, ఇంకోదానికి మామూలుదీ రాస్తే 60కి అర్థమే మారిపోతుంది. రాశాక పదిసార్లు బిగించి వదులు, అప్పుడే గ్రీజు సర్దుకుంటుంది. జాబ్ లేకుండా స్క్రూ వేళ్లతో తిరగాలి. తిరగకపోతే నీ టార్క్‌లో కొంత దారిలోనే ఖర్చవుతోందన్నమాట.

కోసేటప్పుడు చల్లబరచడానికి పోసే కూలెంట్ ఈ గ్రీజుని మెల్లగా కడిగేస్తుంది. పొద్దున్న పదో జాబ్‌కి లేని బాధ సాయంత్రం రెండు వందో జాబ్‌కి రావడానికి తరచు ఇదే కారణం. రెంచ్ కొలత అక్కడే ఉంటుంది, పట్టు తగ్గిపోతుంది.

రెండు వైస్‌లనీ పోల్చడానికి లోడ్ సెల్ (నొక్కే బలాన్ని నేరుగా కొలిచేది) ఉంటే అంతకంటే ఏం కావాలి. లేదంటే మెత్తటి ఉక్కుతో ఒక రింగు తిప్పుకో: బయట 95, లోపల 65, వెడల్పు 40 మి.మీ. దాన్ని జాల మధ్య సరిగ్గా నడుమన, జాబ్ పట్టే ఎత్తులోనే నిలబెట్టి 60కి బిగించు. బోర్ గేజ్‌తో (లోపలి వ్యాసం కొలిచేది) నొక్కుడు పడే దిశలో లోపలి వ్యాసం ఎంత తగ్గిందో చూడు. 15 కిలోన్యూటన్లకు ఇది సుమారు 0.06 మి.మీ. నొక్కుకుంటుంది, వదిలితే మళ్లీ యథాస్థితికి వస్తుంది. అసలు విలువ కంటే పోలికే ముఖ్యం. ఒక వైస్‌లో 0.06, రెండోదాంట్లో 0.04 వస్తే దొంగ దొరికినట్టే. ఒక్కో వైస్‌కి 40, 60, 80 దగ్గర మూడేసి సార్లు తీసి రాసిపెట్టు. మూడుసార్లూ మూడు రకాలుగా వస్తే అది బేరింగో రజనో. మూడుసార్లూ ఒకేలా తక్కువగా వస్తే గ్రీజు, లేదా ఆ వైస్ తీరే అంత. తీరే అంతైతే ఆ వైస్‌కి 60 కాకుండా వేరే అంకె రాసుకో, తప్పేం లేదు.

రెంచ్ సంగతి కూడా చెప్పేస్తాను. రేంజ్‌లో అయిదో వంతు కంటే కింద దాన్ని నమ్మొద్దు. నీ పనికి 20–100 న్యూటన్ మీటర్ల రెంచ్ సరిపోతుంది. టార్క్ రెంచ్‌ల ప్రమాణం ఐఎస్ఓ 6789 ప్రకారం ఇలాంటి రెంచ్‌కి నాలుగు శాతం అటూ ఇటూ ఉండొచ్చు. ఏడాదికోసారి, లేదా 5000 సార్లకు, ఏది ముందైతే అప్పుడు కాలిబ్రేషన్ చేయించు. పట్టుకోవాల్సింది పిడి మధ్యలోనే. మెల్లగా లాగి, టక్ అనగానే ఆపెయ్యాలి. ఇంకోసారి టక్కుమనిపించడం చాలామందికి అలవాటు, దానివల్ల ప్రతి జాబ్‌కీ టార్క్ కొంచెం కొంచెం పెరుగుతుంది. పని అయ్యాక స్కేల్‌లోని అతి తక్కువ అంకెకి దించి పెట్టు. మామూలు పిడితో జాబ్‌కి ఆనించేదాకా తిప్పి, చివరి బిగింపు మాత్రమే రెంచ్‌తో చెయ్యి. పైపు తొడగడం, సుత్తితో కొట్టడం, ఇంపాక్ట్ గన్, ఈ మూడూ వద్దు.

ఒక్కోసారి వైస్, రెంచ్ రెండూ బాగుండి జాబే మోసం చేస్తుంది. రంపంతో కోసిన ముక్క అంచున బర్ (పొడుచుకొచ్చిన లోహపు గరుకు) ఉంటే జా ఆ బర్ మీదే ఆనుతుంది. టక్కుమన్నాక, రెండు కోతలు పడగానే బర్ నలిగి పట్టు వదులవుతుంది. బర్ తీసి, జాలు తుడిచి, జాబ్‌ని ప్యారలల్స్ (ఒకే ఎత్తున్న ఉక్కు పట్టీలు) మీద పెట్టు. ముందు సగం టార్క్‌కి బిగించి నైలాన్ సుత్తితో ఒక్కటి వేసి, తర్వాత పూర్తి టార్క్ ఇవ్వు. ప్యారలల్స్‌ని వేలితో కదిపి చూడు. కదిలితే జా జాబ్‌ని పైకెత్తిందన్నమాట, మళ్లీ మొదటి నుంచి చెయ్యి. చిన్న ముక్కని జా చివర పట్టాల్సి వస్తే రెండో చివర అదే మందం ముక్క పెట్టు, లేకపోతే జా వంకర తిరుగుతుంది.

సాఫ్ట్ జాలు (జాబ్ ఆకారానికి కోసుకునే మెత్తటి జాలు) కోసేటప్పుడు మధ్యలో ప్లగ్, అంటే ఒక దిమ్మ, పెట్టి, జాబ్‌కి ఎంత టార్క్ ఇస్తావో అంతే ఇచ్చి కొయ్యి. 30 దగ్గర కోసి 60 దగ్గర పడితే ఆ ఆకారం జాబ్‌కి అతకదు. లోపల పాకెట్ (గుంట) తీసిన అల్యూమినియం ముక్కకి చివరి కోత ముందు ఓసారి వదిలి, తక్కువ టార్క్‌తో మళ్లీ పట్టు. గట్టిగా పట్టి ఫ్లాట్‌గా కోసింది వదలగానే వంకరగా వస్తుంది. ఎంత తగ్గించాలో తెలియాలంటే పాకెట్ గోడకి డయల్ గేజ్ పెట్టి బిగిస్తూ చూడు, ముల్లు నీ టాలరెన్స్‌లో (కొలతలో ఒప్పుకునే తేడాలో) మూడో వంతు దాటకముందే ఆగాలి.

జాబ్ ఎలా బిగించాలో రాసే సెటప్ షీట్‌లో టార్క్ ఒక్కటే రాస్తే చాలదు. వైస్ నంబరు, ఏ జాలు, జాబ్ జాలో ఎంత లోతు కూర్చుంది, ఏ గ్రీజు, చివరిసారి ఎప్పుడు కడిగారు, ఇవన్నీ అంకె పక్కనే ఉండాలి.

ఆ రెండో వైస్ స్క్రూ విప్పాక, కడగకముందే ఒక ఫోటో తీసి పంపు. రింగు రీడింగులు తర్వాత చూద్దాం.

నాన్న