వలస నవలల్లో పిల్లలేరీ?

సంపాదకులకు నమస్తే.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో వలస నవలల మీద వేసిన పెద్ద వ్యాసం చదివాను. బాగుంది, కాదనను. కానీ అందులో చెప్పిన కథలన్నిట్లో ఊరు విడిచి వెళ్లేవాళ్లు పెద్దవాళ్లే. ముప్పై దాటిన ఇంజినీరు, దుబాయ్ పోయిన భర్త కోసం ఎదురుచూసే ఇల్లాలు, వాళ్ల అప్పులు, వాళ్ల వీసా టెన్షన్లు. వాళ్ల వెంట పోయిన పిల్లల గురించి ఒక్క పేరా లేదు. నిజానికి వస్తావా, ఉంటావా అని ఎవరూ అడగకుండా పోవాల్సి వచ్చేది వాళ్లకే కదా.

నేను ఇంగ్లిష్ టీచర్ని, పెద్దపల్లి జిల్లాలో పనిచేస్తున్నాను. థాన్హా లాయి రాసిన 'ఇన్‌సైడ్ అవుట్ అండ్ బ్యాక్ అగైన్' అనే నవలని మా ఎనిమిదో తరగతికి రోజుకి కాస్త చొప్పున తెలుగులో చెబుతూ వచ్చాను. 2011లో అమెరికాలో నేషనల్ బుక్ అవార్డు వచ్చింది దానికి. రచయిత్రి వియత్నాంలో పుట్టి, 1975లో దక్షిణ వియత్నాం రాజధాని సైగాన్ ఉత్తరాది సైన్యం చేతిలో పడిపోయినప్పుడు పదేళ్ల వయసులో కుటుంబంతో అమెరికాలోని అలబామా రాష్ట్రం చేరినావిడ, కాబట్టి ఊహించి రాసింది కాదు. నవలలో పిల్ల పేరు హా, దానిదీ పదేళ్లే. నౌకాదళంలో ఉన్న తండ్రి కనపడకుండా పోయి తొమ్మిదేళ్లు, తల్లి, ముగ్గురు అన్నలు, ఇంటి వెనక తను పెంచుకున్న బొప్పాయి చెట్టు. ఓడెక్కి పసిఫిక్‌లో అమెరికా దీవి గువామ్‌లోని శరణార్థి శిబిరానికి, అక్కణ్ణుంచి ఫ్లోరిడాకి, చివరికి అలబామా. అంతా చిన్న చిన్న వచన కవితల్లో నడుస్తుంది, లైన్లు కూడా పొట్టిపొట్టివి, అందుకే పుస్తకం అంటే పారిపోయే పిల్లలు కూడా కూర్చుని విన్నారు.

మా క్లాసు మొత్తం చప్పుడు లేకుండా విన్న చోటు ఒకటుంది. కొత్త బడిలో టీచరు హా చేత ఏబీసీడీలు చదివించి క్లాసు చేత చప్పట్లు కొట్టిస్తుంది. తర్వాత ఇరవై దాకా అంకెలు చెప్పిస్తే ఈసారి క్లాసు తనంతట తనే చప్పట్లు కొడుతుంది. హాకి ఒళ్లు మండిపోతుంది. సైగాన్‌లో అది భిన్నాలు నేర్చుకుని వచ్చింది, నది నీళ్లు ఎలా శుభ్రం చెయ్యాలో కూడా తెలుసు, కానీ చెప్పడానికి నోట్లో ఇంగ్లిష్ లేదు. తెలివైన పిల్ల ఒక్క పూటలో మొద్దు అయి కూర్చుంది, అదీ అందరూ మెచ్చుకుంటూ ఉండగా.

మా దగ్గర ఇది కథ కాదు. ఏటా వర్షాలు తగ్గాక ఒడిశా నుంచి, ముఖ్యంగా బలంగీర్, నువాపడా వైపు నుంచి, అడ్వాన్సు తీసుకున్న కుటుంబాలు ఇక్కడి ఇటుక బట్టీలకి వస్తాయి, మళ్లీ వానలు పడేలోపు వెళ్లిపోతాయి. కొన్ని బట్టీల దగ్గర ఒడియాలో చెప్పే వర్క్‌సైట్ స్కూళ్లు నడిపారు, మంచి పనే, కానీ అందరికీ అందవు, పెద్ద పిల్లలకి అసలే అందవు. నేనెరిగిన ఒక బడిలో బట్టీ నుంచి వచ్చిన కుర్రాడొకడు ఏడో తరగతిలో ఉండేవాడు. తెలుగు వాచకం ముందు పెడితే నోరు విప్పడు, రిజిస్టర్లో వాడి పేరు పక్కన 'వెనకబడిన' అని రాసేశారు. అదే కుర్రాడు సాయంత్రం బట్టీలో ఎండబెట్టిన పచ్చి ఇటుకలు తిరగేస్తూ, ఒక్క వరసని లెక్కబెట్టి మొత్తం ఎన్ని వరసలో చూసి, వెయ్యికి ఇంత చొప్పున ఈ వారం ఎంతయింది, అడ్వాన్సులో ఎంత పోగా ఎంత మిగిలింది అని వాళ్ల నాన్నకి నోటితోనే చెప్పేవాడు. మేస్త్రీ లెక్క తప్పు చెబితే పట్టుకునేవాడు కూడా. ఆ గుణకారం మా టెన్త్ పిల్లల్లో ఎంతమందికి వచ్చో నన్ను అడగకండి.

హా గురించి విన్నాక మా పిల్లలు ఆ బట్టీ పిల్లలతో ఏదో మారిపోయి ఉంటారని చెప్పను. కొందరు మారారు, కొందరు ఎప్పటిలాగే ఎగతాళి చేశారు. కానీ ఒకమ్మాయి లేచి "ఆమెకి భిన్నాలు వచ్చా అని టీచరు వాళ్ల భాషలో అడగొచ్చు కదా సార్" అంది. అడిగే టీచరుకి ఆ భాష రావాలి కదమ్మా అన్నాను. అయితే వస్తువులు పెట్టి అడగొచ్చు అంది. ట్రైనింగుల్లో రోజంతా కూర్చోబెట్టి మాకు చెప్పేది కూడా ఇంతకంటే ఎక్కువేం కాదు.

నవలలో నాకు నచ్చనిదీ ఉంది. హాని ఏడిపించే పిల్లాడి సంగతి, అన్న మోటార్‌సైకిల్ మీద దిగేసరికి సినిమాలోలా తేలిపోతుంది. బయట అంత తేలిగ్గా తేలదు. కానీ పక్కింటావిడ తెచ్చిచ్చిన ఎండు బొప్పాయి ముక్కలు ఉన్నాయి చూశారూ, పంచదార అంటిన ఆ ప్యాకెట్టుని పిల్ల కోపంతో పారేస్తే తల్లి వాటినే నీళ్లలో నానబెట్టి పెడుతుంది, అసలు బొప్పాయి కాదు గానీ తినొచ్చు అనిపిస్తుంది. కొత్త దేశంలో ఎలా సర్దుకున్నారో చెప్పడానికి ఉపన్యాసం అక్కర్లేదని అక్కడ తెలుస్తుంది.

మన భాషలో పిల్లల సాహిత్యం అంటే కుందేలూ తాబేలూ దగ్గర ఆగిపోతుంది, అక్కణ్ణుంచి సరాసరి పెద్దవాళ్ల నవలకి గెంతాలి. పన్నెండు నుంచి పదహారు మధ్యవాళ్లకి ఏముంది? వాళ్ల కోసం రాయాలంటే వలస కథలకి కరువా? గల్ఫ్‌లో ఉన్న నాన్నని వాట్సాప్ వీడియోలోనే ఎరిగిన జగిత్యాల పిల్ల ఉంది. డాలస్‌లోనే పెరిగి, అమ్మానాన్నల వీసా మీద ఉండే హక్కు 21 ఏళ్లు నిండగానే పోతుందని హైస్కూల్లో తెలుసుకునే మన పిల్లాడు ఉన్నాడు.

మీ ఆదివారం పిల్లల పేజీలో బొమ్మలకి రంగులేయడం, చుక్కలు కలపడం ఉంటాయి, ఉండనివ్వండి. ఇంకో పేజీ ఈ వయసువాళ్లకి ఇచ్చి, వలస మీద ఒక సీరియల్ నవలకి పోటీ పెట్టండి. నిడివి తక్కువైనా ఫర్వాలేదు, పారితోషికం మాత్రం పెద్దల నవలకి ఇచ్చినంతే ఇవ్వండి. జడ్జీల్లో ఇద్దరు తొమ్మిదో తరగతి పిల్లలు ఉండాలి. మా బడి నుంచి నేను పంపిస్తాను.

— ఓ ఇంగ్లిష్ టీచర్, పెద్దపల్లి జిల్లా