ఏ కోడిపిల్లో చెప్పి అమ్మండి, మిగతాది మేం చూసుకుంటాం

సంపాదకులు గారికి నమస్కారం.

మీ వ్యవసాయం పేజీలో పెరటికోళ్ల మీద వ్యాసం వస్తే నేను వదలకుండా చదువుతాను, చదివిన ప్రతిసారీ ఒకటే చిరాకు. ఈ జాతి ఏడాదికి ఇన్ని గుడ్లు, ఆ జాతి అన్ని గుడ్లు అని ఒక పట్టిక, పక్కన ఒక ఫొటో, అంతటితో సరి. షెడ్డు వేసి వందల్లో పెంచేవాళ్లకు అది చాలేమో గానీ, గుంటూరు విజయవాడ చుట్టుపక్కల ఇంటి వెనక కాస్త ఖాళీ జాగా ఉండి, పదో పన్నెండో కోళ్లు పెంచుకుని ఇంటికి సరిపడా గుడ్లు తిందామనుకునే మాలాంటివాళ్లకు ఆ పట్టికతో ఒరిగేదేం లేదు. మాకు కావాల్సింది అందరికంటే ఎక్కువ పెట్టే ఒక్క జాతి కాదండీ. ఒకే గూట్లో కలిసి బతికి, తలా ఒక పనికి అక్కరకొచ్చే రెండు మూడు రకాలు. వాటి పిల్లల్ని ఏ రకమో చెప్పి, పదీ పన్నెండూ చొప్పున మాకు అమ్మేవాళ్లు కావాలి, ఈ ఉత్తరం అందుకే.

పట్టికలో పైన ఉండేవి ఎలాగూ ఫారం లేయర్లే, అంటే గుడ్ల కోసమే ఫారాల్లో పెంచే కోళ్లే. ఎర్రగుడ్డు పెట్టే బీవీ-380 లాంటివి ఏడాదికి 300 దాకా పెడతాయి, అబద్ధం కాదు. కానీ ఆ లెక్క దానికి రోజుకు 110 గ్రాముల లేయర్ దాణా పడినప్పటి లెక్క. ఒక్కో గుడ్డు పెంకుకే సుమారు 2 గ్రాముల కాల్షియం పోతుంది, అది మనం విసిరే నూకల్లోనూ తవుడులోనూ ఎక్కడుంది? నూకలేసి పెరట్లోకి వదిలేస్తే కొన్నాళ్లు ఒంట్లో ఉన్న ఎముకల్ని కరిగించుకుని పెడుతుంది, తర్వాత గట్టి పెంకు లేని తోలుగుడ్లు పెడుతుంది, తర్వాత కాళ్లు పడిపోయి కూర్చుంటుంది. పైగా పొదగదు. అన్నీ ఆ ఒక్క రకమే తెస్తే అన్నీ ఒకేసారి తగ్గిపోతాయి, అప్పుడు మళ్లీ కొట్టు గుడ్లే గతి.

పోనీ అన్నీ నాటువే పెడదామంటే అదో తంటా. నాటు పెట్ట పన్నెండో పదిహేనో గుడ్లు పెట్టి పొదుగుకు కూర్చుంటుంది, 21 రోజులకు పిల్లల్ని దించుతుంది, ఇక ఆ పిల్లల్ని వెంటేసుకుని తిరుగుతూ రెండు మూడు నెలలు గుడ్డు ఊసే ఎత్తదు. ఏడాది మొత్తం మీద 50, 60 దాటడం కష్టం. మీ గూట్లో ఉన్న నాలుగూ ఒకే నెలలో పొదుగుకు వచ్చాయనుకోండి, గూడు నిండా కోళ్లు, వంటింట్లో గుడ్డు సున్నా.

అందుకే కలిపి పెంచాలంటాను. నన్నడిగితే పదకొండు పెట్టలకు చోటున్నవాళ్లు ఆరు గ్రామప్రియ, మూడు వనరాజా, రెండు మంచి నాటు పెట్టలు పెట్టుకోవాలి. గ్రామప్రియ, వనరాజా రెండూ హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ వాళ్లు పెరటి కోసమనే తయారుచేసినవి. గ్రామప్రియ గుడ్ల రకం, పెరట్లో తిరుగుతూ కాస్త దాణా తింటే 160 నుంచి 180 దాకా పెడుతుంది. వనరాజా గుడ్లు 100, 110 దగ్గరే ఆగుతుంది గానీ ఒంటి మీద మాంసం ఉంటుంది, రంగురంగుల ఈకలతో అచ్చం నాటుకోడిలా కనిపిస్తుంది, పుంజులు త్వరగా బరువెక్కుతాయి. గ్రామప్రియ దొరక్కపోతే రాజశ్రీ తీసుకోవచ్చు, అది కూడా రాజేంద్రనగర్‌దే, అక్కడి పశువైద్య విశ్వవిద్యాలయంలో పుట్టింది.

వనరాజా మీద మాత్రం ఒక మాట గట్టిగా చెప్పాలి, ఎందుకంటే మన ఆడవాళ్లం జాలిపడి పాడుచేసేది దాన్నే. అది తిండిపోతు. ఆరు వారాల దాకా కడుపునిండా పెట్టి, ఆ తర్వాత చెయ్యి బిగించి, బయట తిరిగి ఏరుకు తినేలా చెయ్యాలి. అడిగినప్పుడల్లా గింజలు వేస్తూ పోతే కొవ్వు పట్టి గుడ్లు మానేస్తుంది, మే నెలలో మన గుంటూరు ఎండ 44, 45 డిగ్రీలకు పోయినప్పుడు నోరు తెరిచి రొప్పుతూ అందరికంటే ముందు పడిపోయేది కూడా ఆ బరువు కోడే. కుక్క తరిమినా ఎగరలేదు. గూడు మీద గోనెపట్టా తడిపి వేయడం, మధ్యాహ్నం నీళ్లు మార్చడం లాంటివి అన్ని కోళ్లకూ చేసేవే గానీ, వనరాజాలు మూడుకు మించి వద్దనడానికి నా కారణం ఇదే.

ఇక ఆ రెండు నాటు పెట్టలు గుడ్ల కోసం కాదు, పొదగడానికి. గ్రామప్రియ గానీ వనరాజా గానీ పొదుగుకు కూర్చుంటుందని నమ్ముకోవద్దు. అయితే ఇక్కడ చాలామంది ఒక తప్పు లెక్క వేసుకుంటారు. గ్రామప్రియ గుడ్లనే నాటుకోడి కింద పెట్టి పొదిగిస్తే మళ్లీ గ్రామప్రియలే వస్తాయి కదా, ఇక కొనే పని లేదనుకుంటారు. రావు. అవి వేర్వేరు వంశాలను (లైన్లను) కలిపి తీసిన సంకరాలు, రెండో తరంలో ఒకటి తల్లిలా, ఒకటి తాతలా, ఒకటి ఎవరిలాగో తేలుతుంది, గుడ్లూ తగ్గుతాయి. కూరకైతే ఆ పిల్లలు బ్రహ్మాండం, గుడ్ల కోసమైతే కొత్త పిల్లలు తెచ్చుకోవాల్సిందే.

కడక్‌నాథ్ గురించి అడిగేవాళ్లు ఎక్కువయ్యారు కాబట్టి: అది మధ్యప్రదేశ్ ఝాబువా కోడి, 2018లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది, నల్లమాంసం కోసం ఇష్టపడేవాళ్లు పెంచుకోవచ్చు. గుడ్ల కోసం అంత రేటు పెట్టక్కర్లేదు. అసిల్ అయితే మన దగ్గర సంక్రాంతి పుణ్యమా అని చెప్పక్కర్లేని పేరు, కానీ గుడ్లు బాగా తక్కువ, పైగా కొట్లాటకోసమే పుట్టిన రక్తం, దాన్ని మెతక రకాలతో ఒకే గూట్లో పెడితే రోజూ పంచాయితీయే.

రకాలు కలిపితే పొడుచుకు చంపుకుంటాయని భయపడేవాళ్లున్నారు. రకం తేడా వల్ల వచ్చే గొడవ కంటే వయసు తేడా వల్ల వచ్చేదే ఎక్కువ. అన్నీ ఒకే రోజు పొదిగినవి, ఒకే చోట నుంచి, ఒకేసారి తెచ్చి ఒకే బల్బు కింద పెంచితే రంగు వేరైనా కలిసిపోతాయి. ఏ రకమైనా ఒక్కటే ఒక్కటి తేకండి, మందలో వింతగా కనిపించేదాన్నే అన్నీ కలిసి పొడుస్తాయి, కనీసం రెండు మూడైనా ఉండాలి. వనరాజా పిల్ల పక్కవాటికంటే గబగబా పెరిగి దాణా దగ్గర తోసేస్తుంది కాబట్టి రెండు చోట్ల దాణా పెట్టాలి. అంతే.

కలిపి పెంచడంలో ఇంకో సుఖం ఉంది, అది ఏ పట్టికలోనూ రాయరు. గూట్లో చెయ్యి పెట్టి గుడ్డు తీస్తే ఎవరు పెట్టారో దాదాపు తెలిసిపోతుంది. గోధుమరంగు ముదురుగా ఉన్నవి ఒకరివి, లేతగా పెద్దగా ఉన్నవి ఒకరివి, చిన్నగా మీగడ రంగులో కోసుగా ఉన్నవి నాటు పెట్టవి. నాలుగు రోజులుగా ఫలానా రంగు గుడ్డు రావడం లేదంటే ఆ కోడికి ఏదో అయిందనో, ఎక్కడో గడ్డివాములో దొంగచాటుగా పెడుతోందనో తెలుస్తుంది. తెల్లగుడ్డు పెట్టే లెగ్‌హార్న్‌ను కూడా ఒకటి రెండు చేర్చేవాళ్లున్నారు, ఎండకు బాగా ఆగుతుంది, కాకపోతే ఆ తెల్లటి ఒళ్లు గద్దకు దూరం నుంచే కనిపిస్తుంది, ఆ గుడ్డు చుట్టాలకు ఇస్తే కొట్టులో కొనిచ్చారనుకుంటారు! పెంకు రంగు జాతిని బట్టి, సొన రంగు తిండిని బట్టి వస్తాయి తప్ప, రంగులో బలమేమీ లేదని ఎంత చెప్పినా మా వీధిలో వినే నాథుడు లేడు. పుంజు లేకపోతే పెట్ట గుడ్డు పెట్టదని నమ్మేవాళ్లూ ఉన్నారు. పొదిగించాలంటేనే పుంజు కావాలి, తినే గుడ్డుకు అక్కర్లేదు, తెల్లవారుజామున పక్కింటివాళ్లతో మాట పడే అవసరమూ లేదు.

ఇదంతా సరే, అసలు మాకు కోడిపిల్లలు దొరికేదెలా? నా ఉత్తరం దీని గురించే. పిల్లల్ని పొదిగించి అమ్మే హేచరీకి ఫోన్ చేస్తే వందకు తక్కువ ఇవ్వమంటారు. వీధిలోకి బండి మీద గంపలో వచ్చేవాడు అన్నీ నాటుపిల్లలే అమ్మా అంటాడు. వాటిలో సగం లేయర్ హేచరీలో పనికిరావని తీసేసిన పుంజు పిల్లలు, చిన్నపిల్లలు ముచ్చటపడతారని గులాబీ, ఆకుపచ్చ రంగు పూసినవైతే మరీను. మా ఎదురింటి పిన్నిగారు అలాగే పది కొన్నారు, బతికిన నాలుగూ పుంజులే అయ్యాయి. ఆవిడ తప్పేముంది, పుట్టి ఒక్క రోజైన పిల్లను (రోజు పిల్లను) చూసి పుంజో పెట్టో చెప్పడం అలవాటు లేనివాళ్ల వల్ల కాదు. నాలుగైదు వారాలు వచ్చాక పుంజు పిల్లకు నెత్తి మీద జుట్టు ముందుగా ఎర్రబడుతుంది, కాళ్లు లావవుతాయి, అప్పుడైతే మేమూ గుర్తుపడతాం.

అందుకే చిన్నగా పెంచుకునేవాళ్లకు రోజు పిల్లలు కాదు, నాలుగు వారాలు పెంచినవి కావాలి. బల్బు వేడి మొదటి వారం 35 డిగ్రీలు ఉంచి వారం వారం తగ్గించుకుంటూ రావడం, ఊక తడిస్తే రక్తపారుడు రాకుండా చూసుకోవడం, ఆ గండమంతా దాటేసిన పిల్లలన్నమాట. ప్రభుత్వ పెరటికోళ్ల పథకాల్లో ఇలా పెంచి ఇచ్చే మదర్ యూనిట్ల పద్ధతి ఉండనే ఉంది. ఆ పిల్లల్ని లబ్ధిదారులకే కాకుండా, డబ్బు కట్టి పది తీసుకుంటామన్నవాళ్లకు కూడా రైతు సేవా కేంద్రాల దగ్గర అమ్మితే ఏం పోతుంది? అమ్మేటప్పుడు ఒక చీటీ మీద నాలుగు ముక్కలు రాసివ్వాలి: రకం పేరు, పొదిగిన తేదీ, పుంజులూ పెట్టలూ విడదీశారా లేదా, మొదటి రోజు మారెక్స్, వారం వయసుకు కొక్కెర తెగులుకు వేసే లాసోటా, రెండో వారం గంబోరో టీకాలు పడ్డాయా లేదా. ప్రైవేటు హేచరీలకూ ఇదే వర్తించాలి. బిల్లు మీద ఊరికే 'పిల్లలు' అని రాస్తే ఎవరిని అడగాలి?

టీకాల దగ్గరే ఇంకో చిక్కు. లాసోటా సీసా మామూలుగా వంద డోసులకు తక్కువ ఉండదు, కలిపాక గంటా రెండు గంటల్లో వాడేయాలి, పది కోళ్లకు ఎవరు విప్పుతారు? ఎనిమిది వారాలప్పుడు రెక్క కింద వేసే రెండో కొక్కెర తెగులు టీకాకూ ఇదే తంతు. ఫలానా రోజు ఫలానా వీధికి వస్తామని పశుసంవర్ధక సహాయకులు ముందే చెబితే, ఆ వీధిలోని పదిళ్లవాళ్లం కోళ్లను గంపల కింద మూసి ఉంచుతాం. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు కోడి పేరెత్తితేనే జనం ఎలా భయపడ్డారో చూశాం. ఎక్కడివో తెలియని గంప పిల్లల్ని ఊరూరా తిప్పడం ఆపాలన్నా, తెలిసిన చోట తక్కువ సంఖ్యలో అమ్మడమే దారి.

ఇంకో సంగతి, ఆగస్టు మొదట్లో ఈ పిల్లలు చేతికొస్తే బాగుంటుంది. వానల్లో వసారాలో పెంచుకుంటాం, కనుమ నాటికి పుంజులు గారెల పక్కన పులుసులోకి వస్తాయి, ఇంచుమించు అప్పుడే గ్రామప్రియ పెట్టలు తొలిగుడ్డు పెడతాయి, ఎండలు ముదిరేలోపు గుడ్లలో కుదురుకుంటాయి. మేలో తెస్తే సగం ఎండకే పోతాయి.

మీరు చేయాల్సింది చాలా చిన్నది. ఆ గుడ్ల పట్టిక మానేయమనను. దాని కింద, మన గుంటూరు విజయవాడ చుట్టుపక్కల ఈ నెల ఎక్కడ నాలుగు వారాల పిల్లలు దొరుకుతాయి, ఏ రకం, జత ఎంత, కనీసం ఎన్ని కొనాలి అన్నది రెండు లైన్లు వేయండి. జులైలోపే వేయండి, ఆ తర్వాత వేస్తే ఈ ఏటికి లాభం లేదు.

ఇట్లు
మీ పాఠకురాలు
గోరంట్ల, గుంటూరు