బుజ్జికి, నువ్వు పంపిన ఫోటో గురించి

చిరంజీవి బుజ్జికి,

అమ్మ ఆశీస్సులు. నేనూ అమ్మమ్మా క్షేమం. సార్వా కోతలు మొదలయ్యాయి కాబట్టి ఎరువుల దుకాణంలో కాస్త తెరిపి దొరికింది. దాళ్వా నారుమళ్ళు పోసే రోజులొస్తే మళ్ళీ తలెత్తే తీరిక ఉండదు, అందుకే ఇప్పుడే కూర్చుని రాస్తున్నాను. ఫోన్లో చెబితే “సరేలే అమ్మా” అని పెట్టేస్తావు.

పోయిన నెల న్యూపోర్ట్ వెళ్ళి, నది ఒడ్డున ఉన్న ఒకావిడ విగ్రహం ఫోటో పంపావు. “ఎవరో తెలీదు, బాగుందని తీశాను” అన్నావు. అదే ఫోన్లో ఇంకో మాట కూడా చెప్పావు. కార్డిఫ్‌లో మీ గదికి ఓటరు నమోదు కాగితం వచ్చిందనీ, మన దేశం లాంటి కామన్వెల్త్ దేశాల వాళ్ళకి కూడా అక్కడ ఓటు ఉంటుందటనీ, “చదువైపోతే వచ్చేసేదాన్ని, నాకెందుకు” అని పక్కన పడేశాననీ. ఆ ఫోటోకీ ఈ కాగితానికీ సంబంధం ఉందని ఆ రోజు నాకూ తెలీదు. తర్వాత రోజూ రాత్రి దుకాణం కట్టేసి వచ్చాక ఆవిడ గురించి చదువుతూ కూర్చున్నాను.

ఆవిడ పేరు మార్గరెట్ హేగ్ థామస్. లేడీ రోండా అంటారు. 1883లో పుట్టింది. న్యూపోర్ట్ పక్కనే లాన్‌వెర్న్‌లో పెరిగింది. నీలాగే ఒక్కతే కూతురు. తండ్రి డి.ఎ. థామస్‌కి సౌత్ వేల్స్‌లో పెద్ద బొగ్గు గనులు ఉండేవి, పార్లమెంటు సభ్యుడు కూడా. ఈవిడ ఆక్స్‌ఫర్డ్‌లో చేరి, నచ్చక ఏడాది తిరక్కుండానే ఇంటికొచ్చేసింది. 25 ఏళ్ళకి పెళ్ళయింది. కొడుకుల్లేని వాళ్ళు మామూలుగా అల్లుడి వైపు చూస్తారు. ఆ తండ్రి మాత్రం కూతుర్ని పిలిచాడు. కార్డిఫ్ రేవులో ఉన్న తన ఆఫీసుకి తీసుకెళ్ళి, ఏడాదికి 1000 పౌండ్ల జీతమిచ్చి తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఆ రోజుల్లో, ఆ వేల్స్‌లో! ఇక్కడే నేను పుస్తకం మూసేసి చాలాసేపు ఊరికే కూర్చున్నాను. ఎందుకో తర్వాత చెబుతాను.

1908లో ఆవిడ ఎమ్మెలిన్ పాంక్‌హర్స్ట్ నడిపే ఆడవాళ్ళ ఓటు హక్కు ఉద్యమంలో చేరింది. న్యూపోర్ట్ శాఖకి కార్యదర్శి అయింది. వీధి సభల్లో మాట్లాడేది, జనం అరిచినా ఆపేది కాదు. 1910 ఎన్నికలప్పుడు ప్రధాని ఆస్క్విత్ వెళ్తున్న కారు మెట్టు మీదకి ఎగిరి ఎక్కేసిందట. 1913లో న్యూపోర్ట్‌లోని రిస్కా రోడ్డులో ఒక పోస్టు డబ్బాలో మండే రసాయనం వేసి ఉత్తరాలు తగలబెట్టింది. పట్టుకున్నారు. 10 పౌండ్ల జరిమానా, ఖర్చులు కట్టమంటే కట్టనంది. నెల రోజులు జైలు వేశారు. అస్క్ జైలు. నువ్వు ఫోటో తీసిన చోట ఉన్న నది పేరు కూడా అస్కే కదా! అక్కడ తిండి మానేసింది. అయిదు రోజులకి, ఎక్కడ ప్రాణం మీదకి వస్తుందోనని వదిలేశారు.

పోస్టు డబ్బా పని నాకు నచ్చలేదు బుజ్జీ. ఆ డబ్బాలో ఏ తల్లి ఉత్తరముందో, ఎవరి డబ్బు కోసం ఎవరు ఎదురుచూస్తున్నారో. ఆవిడ ఎంత గొప్పదైనా ఈ మాట అనకుండా ఉండలేను. కానీ ఇంకొకటి కూడా అనిపించింది. అంతకుముందు నలభై, యాభై ఏళ్ళుగా ఆడవాళ్ళు సంతకాలు పెట్టి అర్జీలు ఇస్తూనే ఉన్నారు. అవన్నీ ఏ బుట్టలో పడ్డాయో ఎవరూ అడగలేదు. ఒక్క డబ్బా కాలితే దేశమంతా అడిగింది.

ఇదంతా ఎక్కడో వాళ్ళ గొడవ అనుకోకు. ఆ ఉద్యమంలోనే లండన్‌లో ఒకసారి, ఐర్లండ్‌లో ఒకసారి జైలుకెళ్ళిన ఇంకో మార్గరెట్, మార్గరెట్ కజిన్స్, 1915లో మన దేశం వచ్చింది. భర్త మదనపల్లె కాలేజీలో పనిచేసేవాడు. జనగణమనకి ఇప్పుడు మనం పాడే బాణీని 1919లో మదనపల్లెలో స్వరాల్లో రాసిపెట్టింది ఆవిడే. మద్రాసులో మహిళా సంఘం పెట్టి ఓటు అడిగిన వాళ్ళలో ముందు వరసలో ఉంది. 1921లో మద్రాసు ప్రెసిడెన్సీలో, అంటే అప్పట్లో మన గోదావరి జిల్లాలు ఉన్న రాష్ట్రంలోనే, ఆస్తి ఉన్న ఆడవాళ్ళకి ఓటొచ్చింది. బ్రిటిష్ ఇండియాలో అదే మొదటిది. అమ్మమ్మకి చెబితే “మా నాయనమ్మకి సెంటు భూమి లేదు, ఆవిడకెలా వస్తుంది” అంది.

సరే, మన మొదటి మార్గరెట్ దగ్గరికొస్తాను. 1915 మే 7. తండ్రితో పాటు వ్యాపారం పని మీద అమెరికా వెళ్ళి లూసిటానియా ఓడలో తిరిగొస్తోంది. మధ్యాహ్నం రెండు దాటింది. ఇద్దరూ భోజనం చేసి లేచారు. ఐర్లండ్ తీరం దగ్గర జర్మన్ జలాంతర్గామి వదిలిన టార్పెడో ఓడకి తగిలింది. 18 నిమిషాల్లో ఓడ మునిగిపోయింది. దాదాపు 1200 మంది పోయారు. తనకీ తండ్రికీ లైఫ్ జాకెట్లు వెతికి తెచ్చేసరికి తండ్రి ఆ గుంపులో తప్పిపోయాడు. ఆవిడ డెక్ మీద నిలబడి, నీళ్ళలో కాళ్ళకి చుట్టుకోకుండా ముందే స్కర్టు హుక్కు విప్పుకుంది. దూకే పనే లేకపోయింది, నీళ్ళే వచ్చి లాగేసుకున్నాయి. పైకి తేలాక ఒక చెక్కముక్క చేతికి దొరికింది. దాన్ని పట్టుకుని, చలికి ఒళ్ళు కొయ్యబారి, స్పృహ తప్పి, చీకటి పడే వేళకి బ్లూబెల్ అనే చేపల పడవ వాళ్ళకి కనబడింది. చచ్చిపోయిందనుకుని డెక్ మీదే పడుకోబెట్టేశారట. తర్వాత ఎవరో ఊపిరి గమనించారు. క్వీన్స్‌టౌన్ రేవుకి చేరేసరికి తండ్రి ఒడ్డున నిలబడి ఉన్నాడు.

తర్వాత తన జీవిత కథలో రాసుకుంది, ఓడ ప్రమాదంలో నువ్వు ధైర్యంగా ఉంటావా అని ఎవరైనా అంతకుముందు అడిగితే అనుమానమే అని చెప్పేదాన్నని, ఆ రోజు తర్వాత తన మీద తనకి నమ్మకం కలిగిందని. కారు మెట్టెక్కి, జైల్లో తిండి మానేసిన మనిషికే తన మీద అంత అనుమానం ఉండేదంటే నాకు ఆశ్చర్యమేసింది. స్కర్టు హుక్కు సంగతి నాకు అన్నిటికన్నా ఎక్కువ గుర్తుండిపోయింది. భయపడుతూనే, ముందు ఏం చెయ్యాలో ఆలోచించింది.

1918 జులైలో తండ్రి పోయాడు. తన వైకౌంట్ అన్న ప్రభువు బిరుదు కూతురికే వచ్చేలా ముందే ఏర్పాటు చేసి పెట్టాడు. బొగ్గు, ఉక్కు, ఓడలు, పత్రికలు, అన్నీ ఆవిడ చేతికొచ్చాయి. మొత్తం మీద 33 కంపెనీల్లో డైరెక్టరు, కొన్నిటికి అధ్యక్షురాలు. 1926లో బ్రిటన్ కంపెనీ డైరెక్టర్ల సంస్థకి అధ్యక్షురాలైంది. అంతకుముందు ఆ పదవిలో ఆడమనిషి లేదు. ఇదంతా గాలివాటంగా రాలేదు. ఏళ్ళ తరబడి తండ్రి పక్కన కూర్చుని లెక్కలు, మనుషులు, మాట తీరు అన్నీ నేర్చుకున్నాకే వచ్చాయి.

నాన్న పోయినప్పుడు నువ్వు ఏడో తరగతి. నీకు తెలియనివి కొన్ని ఉన్నాయి. పదకొండో రోజు దాటాక బీరువా తీసి ఖాతా పుస్తకం చూశాను. మీ నాన్న తనకి మాత్రమే అర్థమయ్యేలా రాసుకున్నారు. “చె. గట్టు 12”, “పెద్దాయన, యూ 6, డీ 4.” ఆ పన్నెండు బస్తాలా, వేలా? ఏ పెద్దాయన? ఊళ్ళో పంట మీద ఇస్తామని అరువు తీసుకున్న వాళ్ళెవరో నాకు ఒక్క పేరు కూడా తెలీదు. పదిహేనేళ్ళు ఆ దుకాణం పైనున్న ఇంట్లోనే కాపురం చేశాను! ఒక ముసలి రైతు తనంతట తనే వచ్చి, “పెద్దాయన్ని నేనేనమ్మా, యూరియా ఆరు, డీఏపీ నాలుగు” అని పంచె మడతలోంచి డబ్బు తీసి లెక్కపెట్టి ఇచ్చాడు. ఆ రోజు గల్లాపెట్టె మీద తల పెట్టుకుని ఏడ్చాను. రాని వాళ్ళు ఎందరో లెక్క లేదు.

లైసెన్సు నా పేరు మీదకి మార్పించుకోవడానికి ఒక ఆఫీసు చుట్టూ నాలుగు నెలలు తిరిగాను. సరుకు పంపే కంపెనీ కుర్రాడొకడు వచ్చి నాతోనే, “మాట్లాడటానికి మగవాళ్ళెవరూ లేరా మేడం” అన్నాడు. అప్పట్లో నేను మీ నాన్న కుర్చీలో కూర్చునేదాన్ని కాదు. పక్కన గుమస్తా స్టూలు మీద కూర్చునేదాన్ని. కుర్చీ ఖాళీగా ఉండేది. వచ్చిన వాళ్ళంతా దానికేసి చూసి మాట్లాడేవాళ్ళు. ఏడాది తర్వాత ఒక రోజు నడుం నొప్పి తట్టుకోలేక కుర్చీలో కూర్చున్నాను. ఎవరూ ఏమీ అనలేదు. అంత టెన్షన్ పడ్డాను దానికోసం!

అందుకే ఆవిడ కథలో కుర్చీ గొడవ చదివినప్పుడు నాకు ఒళ్ళు మండింది. వైకౌంటెస్ అన్న బిరుదు ఉంది. ఆ బిరుదు మగవాడికి ఉంటే ప్రభువుల సభలో, అంటే వాళ్ళ పార్లమెంటు పై సభలో, అప్పట్లో సీటు వచ్చేది. ఆడదన్న కారణంతో ఎవరినీ ప్రజా బాధ్యతలకి దూరం పెట్టకూడదని 1919లో చట్టం కూడా వచ్చింది. దాన్ని పట్టుకుని నా సీటు నాకివ్వండని అడిగింది. 1922 మార్చిలో సభ కమిటీ సరేనంది. సభకి అధ్యక్షత వహించే లార్డ్ ఛాన్సలర్ బర్కెన్‌హెడ్ అడ్డం పడి విషయాన్ని వెనక్కి పంపించాడు. మే నెలలో అదే కమిటీ కుదరదంది. 1925లో బిల్లు పెడితే రెండే ఓట్ల తేడాతో పోయింది. 33 కంపెనీల బోర్డుల్లో కూర్చోవచ్చు, ఆ ఒక్క గదిలో మాత్రం కూర్చోకూడదట.

ఆవిడ ఊరుకోలేదు. 1918లో ఆడవాళ్ళకి ఇచ్చిన ఓటు 30 దాటిన వాళ్ళకే, అదీ ఆస్తి షరతులతో. మగవాళ్ళకేమో 21. ఆ తేడా పోవాలని సంఘం పెట్టింది, సభలు జరిపింది. 1928లో అందరికీ 21 అయింది. 1920లో టైమ్ అండ్ టైడ్ అనే వారపత్రిక మొదలుపెట్టింది. నడిపే బోర్డంతా ఆడవాళ్ళే. తర్వాత బొగ్గు ధరలు పడిపోయి వ్యాపారాలు దెబ్బతిన్నాయి. అయినా పత్రికకి సొంత డబ్బు పోస్తూనే ఉంది, చివరిదాకా. వ్యాపారం చేసేదానిగా అది నష్టం బేరమని నాకు తెలుస్తూనే ఉంది. నేనైనా అదే చేసేదాన్నేమో.

1958 ఏప్రిల్లో ఆడవాళ్ళు కూడా జీవితకాల సభ్యులుగా ప్రభువుల సభలో కూర్చోవచ్చని చట్టమైంది. ఆవిడ జులైలో పోయింది. మొదటి ఆడవాళ్ళు ఆ సభలో అడుగుపెట్టింది అక్టోబరులో. నువ్వు చూసిన విగ్రహం 2024లో పెట్టారు. అక్కడ గుండ్రంగా కలిపిన చేతులు ఉన్నాయే, అవి నిజం ఆడవాళ్ళ చేతులకి అచ్చు తీసి పోసినవట. మళ్ళీ వెళితే దగ్గరగా ఒక ఫోటో తియ్యి.

ఓటరు కాగితం ఎక్కడ పడేశావో వెతుకు. చెత్తలో పోయి ఉంటే కంప్యూటర్లో కూడా నమోదు చేసుకోవచ్చట. నువ్వు అక్కడ రెండేళ్ళే ఉండొచ్చు. ఆ రెండేళ్ళూ నువ్వుండేది ఆ ఊళ్ళోనే.

రెండో సంగతి. పెదనాన్న వాళ్ళు దుకాణం అమ్మేద్దామంటున్నారు, “పిల్ల ఎలాగూ రాదు, నువ్వు ఎన్నాళ్ళు మోస్తావు” అని. వాళ్ళు మన మంచికే అంటున్నారు. నువ్వు వస్తావో రావో నేను అడగను. అది నీ ఇష్టం. కానీ నాకు జరిగినట్టు నీకు జరగకూడదు. డిసెంబరులో వచ్చినప్పుడు ఒక పది రోజులు నా పక్కన కూర్చో. ఎవరికి ఎంత అరువిచ్చానో, ఎవరు పంట రాగానే తెస్తారో, ఎవరికి రెండోసారి ఇవ్వకూడదో, స్టాక్ రిజిస్టరు ఎలా రాస్తామో అన్నీ చూపిస్తాను. నేను పుస్తకంలో పూర్తి పేర్లే రాస్తున్నాను, ఊరు, తండ్రి పేరుతో సహా. వడ్రంగికి చెప్పి ఇంకో కుర్చీ కూడా చేయిస్తున్నాను. నీకు స్టూలు వెయ్యను.

దుకాణంలో నిన్ను భాగస్తురాలిగా చేర్చడానికి ఆడిటరు గారితో మాట్లాడాను. నీ ఆధార్, పాన్ ఇక్కడే బీరువాలో ఉన్నాయి. పాస్‌పోర్టు సైజు ఫోటోలు నాలుగు తెచ్చుకో. పాతవి ఉన్నాయి కానీ వాటిలో రెండు జడలతో ఉన్నావు, పనికిరావంటున్నారు.

ఇట్లు,
అమ్మ