ఆ చిన్న క్రాస్ ట్రైనర్ ఇక మా షాపులో దొరకదు

నమస్కారం. దసరా తర్వాత మా దగ్గర చిన్న క్రాస్ ట్రైనర్ (నిలబడి పెడళ్లు తొక్కుతూ నడిచినట్టు చేసే వ్యాయామ మెషీన్) కొన్న 11 మందికీ, కొందామని నన్ను అడిగి ఉంచినవాళ్లకీ ఈ నాలుగు ముక్కలు.

మీ మెషీన్లు కిర్రుమంటున్నాయని మీలో చాలామంది ఫోన్ చేశారు. నూనె వేస్తే తగ్గుతుందని చెప్పింది నేనే. అది తప్పు. పోయిన ఆదివారం పటమటలో ఒక టీచరుగారింటికి వెళ్లి పెడల్ జాయింట్ విప్పాను. గుండ్ల మీద తిరిగే బేరింగ్ ఉండాల్సిన చోట ప్లాస్టిక్ బుష్, అంటే ఉత్త గొట్టం ముక్క ఉంది. అది కూడా ఒక పక్కే అరిగి కోడిగుడ్డు ఆకారానికి వచ్చింది. తుడిస్తే గుడ్డకి నల్లటి పొడి అంటుకుంది. ఆవిడ కోప్పడలేదు. "మీరు చెప్పారని ఇంకెక్కడా చూడకుండా కొన్నామండీ" అన్నారు, అంతే. ఆ మాటతో మూడు రాత్రులు నాకు నిద్ర లేదు.

ముందు లాట్‌లో బేరింగే ఉండేది, నా చేతులతో బిగించాను. మోడల్ నంబరు, పెట్టె మీద బొమ్మ, ధర ఏవీ మారలేదు, లోపలి సరుకు మాత్రం మార్చేశారు. సప్లయర్‌ని అడిగితే "మీ ఒక్కరికే వచ్చిందా సమస్య?" అన్నాడు. అప్పుడు షాపులో మిగిలిన పీసు విప్పి, ఫ్లైవీల్ (తొక్కుడు సాఫీగా సాగేలా లోపల తిరిగే బరువు చక్రం) తీసుకెళ్లి పక్క కిరాణా కొట్టు కాటా మీద పెట్టాను. కేటలాగులో 6 కిలోలు. కాటా చూపించింది 4 కిలోల 200 గ్రాములు. చక్రం తేలికైతే అడుగు మారేచోట కుదుపు వస్తుంది. మోకాళ్లకి సుఖమని కొన్నవాళ్లకే ఆ కుదుపు తగులుతోంది. ఫొటో పంపాను, చూశాడు, జవాబివ్వలేదు. తొమ్మిదేళ్లలో నా చెక్కు ఒక్కటి కూడా వెనక్కి రాలేదు. ఇప్పుడు వచ్చే లాట్‌కి డిస్కౌంట్ ఇస్తానని కబురు పంపాడు. ఊరికే ఇచ్చినా దించుకోను.

తేల్చుకోలేక నలిగింది ఇంకో విషయం దగ్గర. ఈ మోడల్ ఆపేస్తే 20 వేల లోపు క్రాస్ ట్రైనర్ మా దగ్గర ఉండదు. అడిగేవాళ్లలో ఎక్కువమంది ఆ ధరకే అడుగుతారు. బేరింగులు నేనే వేయించి అమ్ముదామా అని వారం రోజులు ఆలోచించాను. కానీ దాని అడుగు పొడవు, అంటే ఒక్కో అడుగుకి పెడల్ ముందుకీ వెనక్కీ కదిలే దూరం, 12 అంగుళాలే. ఐదున్నర అడుగుల మనిషికి నడిచినట్టు ఉండదు, మెట్లు తొక్కుతున్నట్టు ఉంటుంది. ఆ సంగతి నాకు మొదటి నుంచీ తెలుసు. అపార్ట్‌మెంట్‌లో చోటు కలిసొస్తుందని మాత్రమే మీకు చెప్పి, ఇది చెప్పలేదు. అందుకే ఆపేశాను.

ఇక తెచ్చేది అడుగు పొడవు 18 అంగుళాలున్నది, బేరింగులున్నది. ధర 30 వేలు దాటుతుంది, బేరం ఉండదు. ఫ్లైవీల్ మీ ముందే తూచి బిగిస్తాను. బూట్లు వేసుకుని వచ్చి పది నిమిషాలు తొక్కి చూడండి. వచ్చేముందు గది పొడవు, సీలింగ్ ఎత్తు కొలుచుకోండి. పెడల్ పైకి లేచినప్పుడు మనిషి ఎత్తుకి అడుగు, అడుగున్నర కలుస్తుంది. ఫ్యాన్ కింద అసలు పెట్టొద్దు.

ఆ 11 మెషీన్లకీ ఆటోనగర్‌లో లేత్ పని చేయించి నా ఖర్చుతో బేరింగులు వేయిస్తాను, ఈ నెలాఖరులోగా మనిషి మీ ఇంటికే వస్తాడు. వద్దనుకుంటే మెషీన్ వెనక్కి తీసుకుని పూర్తి డబ్బు ఇచ్చేస్తాను. రసీదు పోయినా పర్లేదు, మీ పేర్లు నా పుస్తకంలో ఉన్నాయి.